తూము మీద చలివేంద్రం

నేను ఏ ఉద్యోగం చేసి రిటైరయ్యానో జనగామలో ఉండే మా అల్లుడికి ఇప్పటికీ తెలియదు. పెళ్లికి ముందు ఒకసారి అడిగాడు, మొన్న ఉగాదికి వచ్చినప్పుడు మళ్లీ అడిగాడు. మొదటిసారి చెప్పింది వినలేదన్నమాట. అది నేను మరిచిపోలేదు. సరే, చదివేవాళ్లయినా వింటారని మొదటి నుంచి చెప్తాను.

మాది మహబూబాబాద్ జిల్లాలో, తొర్రూరులో బస్సెక్కితే గంటలోపు చేరుకునే చిన్న పట్టణం. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు అసలే రాయను. మెయిన్ రోడ్డుకు రెండు వైపులా వరుసగా షట్టర్లుంటాయి. దుకాణం గదిని మా దగ్గర షట్టరనే అంటారు. షట్టర్లు కట్టి కిరాయికి ఇచ్చేవాళ్లు ఓనర్లు. వాళ్లకొక సంఘం ఉంది. ఆ సంఘం నెల జీతమిచ్చి పెట్టుకున్న సెక్రటరీని నేను.

ఆస్తి పన్ను పెరిగితే తగ్గించమని, రోడ్డు వెడల్పు చేస్తామంటే వద్దని, చెత్తబండి రాకపోతే రమ్మని మున్సిపాలిటీకి అర్జీలు రాయడం నా పని. ఎన్నికలు వస్తే పోటీ చేసేవాళ్లను ఒక్కొక్కరినే సంఘం ఆఫీసుకు పిలిపించి, ఓనర్ల కోరికలు వినిపించి, "మా మద్దతు మీకే" అని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపడం కూడా నా పనే. నాకు సొంతంగా షట్టర్ లేదు. చిట్యాల వైపు ఊళ్లో మాది ఒకప్పుడు భూములున్న ఇల్లు. నా వంతుకు వచ్చింది నిలవలేదు, అంతే. ఆఫీసులో ఓనర్లకు కప్పు సాసర్లో టీ వచ్చేది, నాకు కాగితం గ్లాసులో వచ్చేది. అది కూడా మరిచిపోలేదు.

ఇలాంటి పనుల్లో కొత్తగా చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను గొప్పగా చెప్పుకోగలిగిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఇంకెప్పుడైనా ఎవరైనా అడిగితే చెప్తాను. ఇది గొప్పగా చెప్పుకునేది కాదు.

మా మెయిన్ రోడ్డు ఎత్తు మీద ఉంటుంది. దాని వెనక గల్లీ పల్లంలో ఉంటుంది. రోడ్డు పక్కన మురుగునీళ్ల మోరి, గల్లీలోంచి వచ్చే మోరి, రెండూ సంఘం అధ్యక్షుడి కాంప్లెక్సు మూల దగ్గర కలిసి, రోడ్డు కింది నుంచి ఒక తూములో పడి అవతలి వాగుకు పోతాయి. ఆ తూము నోటి మీద పెద్ద బండ పరిచి ఉంది. మిగతా మోరి మీద కూడా ఎవరి షట్టర్ ముందు వాళ్లు బండలు పరుచుకుని, వాటి మీద మెట్లు కట్టుకున్నారు. బండి ఆపుకోవడానికి, సామాను బయట పెట్టుకోవడానికి ఆ జాగానే ఆధారం. కింద మోరి ఉందన్న సంగతి ఓనర్లు ఎప్పుడో మరిచిపోయారు. గల్లీవాళ్లు మరిచిపోవడానికి వీల్లేదు. తూము పూడితే నీళ్లు తిరిగి వాళ్ల ఇళ్లలోకే వస్తాయి.

ఆ గల్లీలో ఒక దర్జీ ఆమె ఉండేది. గంగారం దిక్కు తండా నుంచి వచ్చి, ముందు గదిలో కుట్టు మిషన్లు పెట్టుకుని, వెనక గదిలో తల్లితో కాపురముండేది. తల్లితో లంబాడీలో, గిరాకీతో తెలుగులో, ఇద్దరితోనూ ఒకేసారి మాట్లాడేది. పెళ్లిళ్ల కాలంలో ఓనర్ల ఇళ్ల ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె దగ్గరే. మా ఇంటావిడవి కూడా.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"అన్నా, ఆ తూము మీది బండ జర తీపియ్యి. పోయిన వానలకు మా ఇంట్ల నీళ్లు మోకాళ్లదాక వచ్చినయి. ఈసారి శ్రావణం పెండ్లిళ్ల బట్ట ఇప్పట్నుంచే వస్తున్నది. తడిస్తే నేను మళ్ల తండకే పోవాలె."

"తీపిస్త," అన్నాను. "మున్సిపాలిటీల కొత్త ఏఈ మేడం వచ్చింది. ఆమె గూడ గదే అంటున్నది."

"ఒట్టుగనా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉన్నది. మీ సేట్ల మీద లేదు."

అధ్యక్షుణ్ణి అందరం సేటు అనేవాళ్లం. ఆ వారమే సేటును ఒప్పించాను కూడా. వానాకాలం మాత్రం బండ తీసి, ఇనుప జాలి వేసుకుందాం, పూడిక తీసుకోవచ్చు, మెట్లు పోవు, అని. సేటు మూలిగి సరేనన్నాడు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఏఈ మేడం అంటే మున్సిపాలిటీ ఇంజినీరు. చిన్న వయసు. మోరి కొలవడానికి ఒక పొద్దున వచ్చింది. అప్పటికే తూము బండకు రెండు ఇనుప కొక్కేలు పెట్టించింది, ఎత్తడానికి వీలుగా ఉంటుందని. ఓనర్లందరూ మెట్ల మీద నిలబడ్డారు. నేను ఫైలు పట్టుకుని బండ మీద నిలబడి, సంఘం ఏమనుకుంటున్నదో వివరిస్తున్నాను. టేపు ఒక కొస ఆమె చేతిలో ఉంది, రెండో కొస పట్టుకుని పనివాడొకడు కూర్చున్నాడు.

"మీది ఏ షట్టర్ సార్?" అని అడిగింది.

"నాకు షట్టర్ లేదు మేడం, నేను..."

"మా జీతగాడు మేడం," అన్నాడు సేటు. "నెల కాంగనే జీతమిస్తం. అర్జీలు రాస్తడు."

మెట్ల మీది ఓనర్లందరూ నవ్వారు. ఇంత చిన్న మాటకు అంత నవ్వు దేనికో నాకు అర్థం కాలేదు.

"జర పక్కకు ఉండండి సార్," అంది ఆమె, టేపు వైపు చూస్తూ.

పక్కకు జరిగాను. మా నాయిన దగ్గర ఇద్దరు జీతగాళ్లు, అంటే పాలేర్లు, ఉండేవాళ్లు. అందులో ఒకతను నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగు దాటించి బడికి తీసుకుపోయేవాడు. అతను కొట్టంలో తినేవాడు. మా నాయిన ఊరందరి ముందు "అరేయ్ జీతగా" అని కేకేస్తే నవ్వుతూ వచ్చేవాడు. ఆ మాట ఒక మనిషికి ఎక్కడ తగులుతుందో నాకు ఆ రోజు బండ పక్కన నిలబడ్డాక తెలిసింది. తెలిసినందుకు అతని గురించి ఆలోచించాలి కదా. నేను నా గురించే ఆలోచించాను.

మాట అన్నది సేటు. కానీ సేటు మీద కోపం తెచ్చుకుంటే నెల కాగానే జీతమెవరిస్తారు? అందుకని ఏఈ మేడం మీద తెచ్చుకున్నాను. ఆమె కూడా నవ్విందని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నానికల్లా నవ్విందని నమ్మాను. సాయంత్రానికి ఆమెదే పెద్ద నవ్వు అయింది.

మరునాడు సేటు ముందు కూర్చున్నాను.

"ఆ బండ తీయద్దు సేటూ."

"నువ్వే గదా తియ్యాలంటివి?"

"దాని మీద చలివేంద్రం పెడదాం."

"ఇంకా ఎండలు ముదరలేదు గదనయ్యా."

"ఎండల కోసం కాదు."

సేటు నా ముఖం చూశాడు. మెల్లగా అతనికి అర్థమైంది. ఎండాకాలం దారిన పోయేవాళ్లకు మంచినీళ్లు పోసే పందిరిని ఏ అధికారి కూల్చగలడు? అదీ ఎన్నికల ముందు? "నువ్వు మామూలోనివి కాదు సెక్రట్రీ," అన్నాడు. ఆ మాటకు నాకు కడుపు నిండింది. ముందురోజు వేరే మాట అన్నది కూడా ఆ నోరే అని అప్పుడు గుర్తురాలేదు.

అప్పటికి మున్సిపాలిటీ పాలకవర్గం గడువు అయిపోయింది. ఎన్నికలు ఈ నెల, వచ్చే నెల అంటూ వాయిదా పడుతున్నాయి. మా వార్డులో ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకరు మాజీ కౌన్సిలర్, ఇంకొకరు ఎరువుల వ్యాపారి. చలివేంద్రం మీ చేతుల మీదుగానే అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇద్దరూ ఒకే సమయానికి దండలు వేసుకునే మెడలతో వచ్చారు.

"గీన గూడ వస్తడని చెప్పలే గదా?" అని మాజీ నా చెవిలో అన్నాడు.

"ఆయన వస్తడని నాకూ తెల్వదు," అన్నాను.

మాజీ రిబ్బను కత్తిరించాడు. వ్యాపారి మొదటి గ్లాసు నీళ్లు పోశాడు. ఇద్దరి పేర్లతో ఒక శిలాఫలకం ముందే చెక్కించి పందిరి స్తంభానికి బిగించాను. ఎవరు గెలిచినా ఫలకం ముట్టుకోరు. బండ కనపడకుండా మీద టైల్సు వేయించాను. కొక్కేలు ఆ టైల్సు కిందికి పోయాయి. నా ఉద్యోగ జీవితంలో అంత తెలివిగా చేసిన పని మరొకటి లేదు.

ఏఈ మేడం వచ్చి చూసింది.

"నీళ్లు పెట్టినందుకు సంతోషం," అంది. "స్థలం మార్చండి. కింద తూమున్నది."

"రాసియ్యండి మేడం," అన్నాను.

రాసిచ్చింది. నేనూ రాశాను. సోమవారం సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోయి అర్జీ పెట్టాను. పేదల దాహం తీర్చే చలివేంద్రాన్ని కూల్చాలని చూస్తున్న అధికారి అని, పెద్దలతో దురుసుగా మాట్లాడే అధికారి అని. ఊరి విలేకరితో కూడా రాయించాను. స్టీలు గ్లాసులు మాయమవుతున్నాయని కాగితం గ్లాసులు తెప్పించాను. తాగినవాళ్లు తాగి, పక్క సందులోంచి మోరిలోకి విసిరేసేవాళ్లు. చూస్తూనే ఉన్నాను. ఏమీ అనలేదు.

దర్జీ ఆమె ఒకరోజు దారిలో ఆపింది.

"తీపిస్త అంటివి గదన్నా. దాని మీద గుడిసె ఏసినవేంది?"

"గుడిసె కాదు, చలివేంద్రం. పుణ్యం పని."

"పుణ్యం రోడ్డు మీదోళ్లకు. నీళ్లు మాకా?"

నేను తొందర పనున్నట్టు నడిచాను.

వానలు మొదలవుతుండగా ఏఈ మేడంకు భూపాలపల్లికి బదిలీ అయింది. సంఘం సమావేశంలో సేటు నా భుజం తట్టి, "మా సెక్రట్రీ పెన్ను పెడితే ట్రాన్స్‌ఫరే," అన్నాడు. ఆ రోజు నాకు టీ కప్పు సాసర్లో వచ్చింది. తాగుతున్నంతసేపు నా చేతులవైపే చూసుకున్నాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం పట్టిన వాన సాయంత్రానికి కూడా వదల్లేదు. ఆఫీసు మొదటి అంతస్తులో ఉంటుంది. ముందు కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద నీళ్లు జారిపోతున్నాయి, షట్టర్ల మెట్లు పొడిగానే ఉన్నాయి. వెనక కిటికీలోంచి చూస్తే గల్లీ కనపడలేదు. మట్టి రంగు నీళ్లే కనపడ్డాయి. వాటిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ తిరుగుతున్నది.

ఫోను మోగింది. దర్జీ ఆమె.

"అన్నా, నీళ్లు మిషన్ల మోటర్లదాక వచ్చినయి. ఆ బండ తియ్యాలె. గడ్డపారలు పట్టుకొని మా గల్లీ హమాలోళ్లు వస్తున్నరు. మీ సేట్లు అడ్డం పడకుండ జర నువ్వు చూసుకో."

నేను సేటుకు ఫోను చేశాను. అతను హన్మకొండలో ఉన్నాడు. అక్కడ వాన లేదట.

"చలివేంద్రం ముట్టద్దు," అన్నాడు. "ఇద్దరు లీడర్ల పేర్లున్నయి. ఇయ్యాల గది తీస్తరు, రేపు మన మెట్లు తీస్తరు. కిందికి పోయి నువ్వే చెప్పు."

కిందికి పోయాను. హమాలీలు నలుగురైదుగురు తడిసి నిలబడి ఉన్నారు. ముందు ఆమె ఉంది, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని. షట్టర్ల మెట్ల మీద ఓనర్ల మనుషులు గొడుగులతో చూస్తున్నారు. వాళ్లందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. ఒక్క మాట చాలు, తీయండి అని. ఆ మాట నోట్లోనే ఉంది. దాని బదులు ఇంకొకటి వచ్చింది.

"ఇది సంఘం కట్టడం. పర్మిషన్ లేకుండ ముట్టద్దు. దరఖాస్తు పెట్టుకోండి, చూద్దం."

దర్జీ ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎవలకు పెట్టాలన్నా? నీళ్లకా?"

హమాలీల్లో పెద్దవాడు గడ్డపార భుజాన వేసుకుని, "నడువు బిడ్డా, మిషన్లన్న పైకెత్తుదాం," అన్నాడు. వాళ్లు వెనక్కి పోయారు. నేను ఆఫీసుకు పోయి కూర్చున్నాను. వెనక కిటికీ మూసేశాను. వాన చినుకులు లోపల పడుతున్నాయని అనుకుంటూ మూశాను.

మర్నాడు ఎండ కాసింది. ఆఫీసుకు వచ్చేసరికి చలివేంద్రం పక్కన, షట్టర్ల మెట్ల గ్రిల్లుల మీద, పొడుగునా జాకెట్లు, లంగాలు, పట్టు ముక్కలు ఆరేసి ఉన్నాయి. గల్లీలో ఆరేసేందుకు పొడి జాగా లేదు. ఎర్ర రంగు పచ్చలోకి, నీలం గులాబీలోకి దిగిపోయింది. కొన్నిటి మీద మట్టి గీత సమానంగా, ఒకే ఎత్తులో ఉంది. ముహూర్తాల బట్టలు. ఒకటి మా ఇంటావిడదే. గుర్తుపట్టాను, పట్టనట్టు ఉన్నాను.

ఓనర్లు నా కోసమే చూస్తున్నారు.

"గిరాకీ లోపలికి ఎట్ల రావాలె సెక్రట్రీ? తీపియ్యి."

ఆమె గ్రిల్లు దగ్గర నిలబడి ఒక్కొక్కటి తిరగేస్తున్నది. తల్లి మెట్టు మీద కూర్చుని తనలో తాను లంబాడీలో ఏదో అనుకుంటున్నది. నేను ఆమె దగ్గరకు పోయి, తల దించుకుని, బట్టలు తీయమన్నాను.

"తీస్తన్నా," అంది. కోపం లేదు గొంతులో. "ఏది ఎవలదో జర నువ్వు చెప్పు, తీస్త. నాకైతే గుర్తు దొరుకుతలేదు."

నా ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అన్నారు. అన్నీ గుర్తున్నాయి, వరుసగా చెప్పగలను. కానీ అవన్నీ నన్ను అన్నవాళ్ల తప్పులు. ఇది ఒక్కటే నా వంతుకు వచ్చింది.

ఆ వారం ఆమె దగ్గర బట్ట ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అరిచారు. ఓనర్ల ఇళ్లవాళ్లే. తూము మూసిన ఇళ్లవాళ్లే. పాడైన బట్టకు బదులు బట్ట తెమ్మన్నారు. ఆ బట్ట కొనడానికి అమ్మేసిన రెండు మిషన్లు గల్లీలోంచి ఆటోలో వెళ్లిపోవడం కిటికీలోంచి చూశాను. మిగిలింది ఒకటే. ఇంకో వాన ఇట్లాగే కురిస్తే అదీ వెళ్లిపోతుంది. వానాకాలం ఇంకా సగం ఉంది.

బండ తీద్దామని సంఘంలో అన్నాను. "ఎండకాలం మళ్ల రాదా? అప్పుడు చలివేంద్రం ఏడ పెడతవు?" అన్నారు. నా తెలివిని నాకే అప్పజెప్పారు.

అప్పుడు భూపాలపల్లికి బయల్దేరాను. చిట్యాల దిక్కు చుట్టాలను చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. హన్మకొండలో బస్సు మారాను. చిట్యాలకు తిరిగే దారి వచ్చింది, దిగలేదు. అక్కడి నుంచి రోడ్డంతా బొగ్గు లారీలే. దారి పొడుగునా ఏం మాట్లాడాలో తయారుచేసుకున్నాను. తప్పయిందని ముందు చెప్పాలి. కానీ ఆ రోజు అందరి ముందు నన్ను పక్కకు ఉండమన్న సంగతి కూడా అడగాలి. తప్పు చెప్పడానికి పోతూ కూడా నాకు రావలసిన క్షమాపణ ఒకటి వెంట తీసుకుపోయాను. నా స్వభావం అది.

ఆఫీసులో లేదన్నారు. ఒక కాలనీ పక్కన మోరి పని దగ్గర దొరికింది. తలకు స్కార్ఫు కట్టుకుని, చేతిలో అదే టేపు.

"ఏ వార్డు సార్ మీది?" అంది నన్ను చూసి.

నేనెవరో ఆమెకు తెలియలేదు. ఊరి పేరు చెప్పాను. సంఘం పేరు చెప్పాను. చలివేంద్రం అన్నాను. అప్పుడు ముఖం మారింది.

"రెండు మోరీలు కలిసే తూమా? తీసిండ్రా దాన్ని?"

"లేదు మేడం. మొన్న వానకు గల్లీ మునిగింది."

ఆమె టేపు చుట్టేసింది. "ఎవలకన్న ఏమన్న అయిందా?"

"మనుషులకు కాలేదు. దర్జీ ఆమె బట్టలు పోయినయి," అన్నాను.

"నాకు తెలుసు ఆమె. ఆఫీసుకు వచ్చేది." తర్వాత అడిగింది. "దానికి మీరు ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు సార్? కొక్కేలు పెట్టించిన గదా. పైన టైల్సు పగలగొట్టి రెండు గడ్డపారలు వేస్తే లేస్తది. అరగంట పని."

అరగంట పని. ఆ సాయంత్రం గడ్డపారలు అక్కడే ఉన్నాయి. మనుషులు అక్కడే ఉన్నారు.

"మీ మీద ప్రజావాణిలో అర్జీలు పెట్టింది నేనే మేడం," అన్నాను. "మీ ట్రాన్స్‌ఫర్..."

"ట్రాన్స్‌ఫర్ నేనే అడుక్కున్న సార్. మా అమ్మ ఇక్కడ ఉంటది." ఆమెకు నవ్వొచ్చింది. "అర్జీలు మా మీద వారం వారం వస్తనే ఉంటయి. అన్నిటికీ ఒకటే జవాబు రాస్తం. మీరేం రాసిండ్రో నేను సూడనే లేదు."

నేను నా రెండో సంగతి బయటికి తీశాను. తీయకుండా ఉండలేకపోయాను. "ఆ రోజు కొలతలప్పుడు, అందరి ముందు, మీరు నన్ను పక్కకు ఉండమన్నరు."

ఆమె నిజంగానే గుర్తుచేసుకోవడానికి చూసింది. గుర్తురాలేదు.

"అన్ననా? టేపు పట్టినప్పుడు అందర్నీ అట్లనే అంట సార్. కమిషనర్‌ని గూడ అన్న ఒకసారి. టేపుకు అడ్డమొస్తరు గదా. మీరు అడ్డమే నిలబడి ఉంటరు."

అవును. బండ మీదే నిలబడి ఉన్నాను.

టీ తెప్పించింది. కాగితం గ్లాసు. తనకూ అదే. తాగి, బస్సు ఎక్కాను. తప్పయిందన్న మాట చెప్పానో లేదో తిరుగు దారిలో ఎంత ఆలోచించినా తేలలేదు. చెప్పి ఉండను.

మరుసటి పొద్దున నేరుగా గల్లీకి పోయాను. దర్జీ ఆమె వాకిట్లో ఒకటే మిషన్ ముందు కూర్చుని పాత సంచులకు అంచులు కుడుతున్నది. ఇప్పుడు జాకెట్లు ఎవరిస్తారు?

"టైల్సు కింద కొక్కేలున్నయి," అన్నాను. "బండ లేస్తది. హమాలోళ్లను పిలువు."

"పర్మిషనో?" అంది తల ఎత్తకుండా.

"నేనే చెప్తున్న."

"నువ్వెవలవన్నా చెప్పేతందుకు?"

అందులో ఎగతాళి లేదు. తెలుసుకోవాలనే అడిగింది. సంచి పక్కన పెట్టి ఆమే లేచి, పక్కింటి తలుపు కొట్టింది.

ఆ పనిని ఓనర్లు ఎందుకు ఆపలేదో కూడా చెప్పాలి. వాళ్లు అరవబోయేలోపే మాజీ కౌన్సిలర్ బండి మీద వచ్చాడు. ఎవరు చెప్పారో ఏమో. గల్లీ మునిగిన రోజు రాని మనిషి, తన పేరున్న ఫలకం పక్కనే నిలబడి, "నేనే తీపిస్తున్న, ఎవలు అడ్డం రావద్దు," అన్నాడు. ఒక గడ్డపార తీసుకుని ఫొటో దిగాడు. నాకు అప్పుడు తట్టింది. ఓనర్లకు మా వార్డులో ఉన్నవి షట్టర్లు. వాళ్ల ఇళ్లు, ఓట్లు హన్మకొండలోనో, ఇంకో వార్డులోనో ఉన్నాయి. ఓట్లన్నీ గల్లీవి. ఇన్ని ఎన్నికలు చూసి, ఇంతమందికి టీ తాగించి, ఆ చిన్న సంగతి నేను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. నాకు జీతమిచ్చేవాళ్లే ఊరనుకున్నాను.

జేబులో ఫోను మోగింది. సేటు.

"నీకు షట్టర్ ఉన్నదా సెక్రట్రీ?"

"లేదు సేటూ."

"మరి బండ నీ అయ్యదా?"

"కాదు."

"రేపట్నించి ఇంట్ల కూసో."

అదే నా రిటైర్మెంట్. శాలువా లేదు, దండ లేదు, సమావేశం లేదు. సంఘానికి అన్ని అర్జీలు రాసినవాడికి సాగనంపే ఒక్క ముక్క కూడా ఎవరూ రాయలేదు. ఈ సంగతి కూడా నేను మరిచిపోను.

ఫోను జేబులో పెట్టుకుని చలివేంద్రం దగ్గరకు పోయాను. కుండలు పక్కకు పెట్టారు. టైల్సు పగిలాయి. నేను వేయించిన సిమెంటు గట్టిగానే ఉంది. కొక్కేలు తుప్పుపట్టి బయటపడ్డాయి. హమాలీలు గడ్డపారలు దూర్చారు. నేనూ ఒక చెయ్యి వేద్దామని బండ మీదికి కాలు పెట్టాను.

"జర పక్కకు ఉండన్నా," అంది దర్జీ ఆమె. "గడ్డపార తాకుతది."

పక్కకు జరిగాను.

బండ లేచింది. కింద నల్లగా, నిండుగా, కదలకుండా ఉంది. పెద్దవాడు వెదురు బొంగు పెట్టి కెలికాడు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత గుటక వేసినట్టు ఒక చప్పుడొచ్చింది, పూడిక వదులై పైకి తేలింది. తేలినవన్నీ కాగితం గ్లాసులే. తెల్లవి, నలిగినవి, ఒకదానిలో ఒకటి దూరినవి, గుట్టలు గుట్టలుగా. నేను తెప్పించినవి.

ఆమె వంగి వాటిని చూసింది. ఒకదాన్ని పుల్లతో పక్కకు తోసింది. మరొకదాన్ని తోసింది.

"మస్తుమంది తాగిండ్రన్నా నీళ్లు," అంది.